సీ టైప్ ఉందా మామా?

మా హాస్టల్ రెండో ఫ్లోర్‌లో రాత్రి పదిన్నర దాటాక ఎవడైనా తలుపు కొట్టాడంటే నోట్స్ కోసం కాదు, రికార్డు కోసం అసలే కాదు. "మామా, సీ టైప్ ఉందా?" ఇదొక్కటే ప్రశ్న. కేబుల్ అందరూ కొనుక్కున్నవాళ్లే. కాకపోతే ఎవడిది ఎవడి గదిలో ఉందో చెప్పగలిగేవాడు ఫ్లోర్ మొత్తంలో ఒక్కడూ లేడు.

ఒక ఆదివారం తోచక మా రూమ్ డ్రాయర్ మంచం మీద బోర్లించి లెక్కపెట్టాను. 11 కేబుళ్లు, 4 అడాప్టర్లు, 3 పెన్‌డ్రైవ్‌లు, ఏ మౌస్‌దో తెలియని డాంగిల్ ఒకటి. ఇంత ఆస్తి ఉండి కూడా రోజూ ఎవడో ఒకడి ఫోన్ చచ్చే ఉంటుంది. కేబుల్ ఒకడి చేతిలో, అడాప్టర్ ఇంకొకడి చేతిలో, ఇద్దరూ వదలరు. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో డెడ్‌లాక్ చెబుతూ మేడమ్ ఆ అయిదుగురు ఫిలాసఫర్లు, ఫోర్కుల కథ మొదలుపెట్టగానే మా రూమ్ నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ చాప్టర్ మాకు చదవకుండానే వచ్చేసింది.

మనం కంప్యూటర్ సైన్స్ వాళ్లం. క్లౌడ్ గురించి గంటసేపు మాట్లాడతాం. చేతిలో ఉన్న వైరు ఏం చేస్తుందో మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నాకు ఈ వైర్ల పిచ్చి ఎప్పుడు పట్టిందో సరిగ్గా చెప్పలేను గానీ, గత ఏడాదిన్నరలో క్లాసుల్లో కన్నా ఆ డ్రాయర్‌లో నేర్చుకున్నది ఎక్కువేమో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అవన్నీ ఒకచోట రాయమని క్లబ్ సీనియర్ అన్న అడిగాడు. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగులో రాయడం అంటే ఒక్కో వాక్యం నోటితో అనుకుని చూసుకుని రాయడమే. అక్కడక్కడా మాట్లాడినట్టే ఉంటుంది, సర్దుకోండి.

ముందు పాత యూఎస్‌బీ సంగతి. దీర్ఘచతురస్రంగా ఉంటుందే, టైప్ ఏ, అది. ఒకసారి పెడతాం, పట్టదు. తిప్పి పెడతాం, పట్టదు. మళ్లీ మొదటిలాగే పెడితే పట్టేస్తుంది. దీని మీద జోకులు మన పుట్టుకకు ముందు నుంచీ ఉన్నాయి. యూఎస్‌బీని తయారుచేసిన ఇంటెల్ టీమ్‌లో ముఖ్యుడు అజయ్ భట్ అని, మన వడోదరలో పుట్టినాయన. మొదటి వెర్షన్ వచ్చింది 1996లో. ఎటు తిప్పినా పట్టేలా ఎందుకు చేయలేదని ఆయన్ని చాలామంది అడిగారు. అలా చేయాలంటే వైర్లు, సర్క్యూట్లు రెట్టింపు అవుతాయి, ఖర్చూ పెరుగుతుంది, అప్పట్లో కంప్యూటర్ కంపెనీల చేత దీన్ని ఒప్పించాలంటే చవగ్గా ఉండాలి అన్నది ఆయన జవాబు. ఆ జవాబు నాకు నచ్చింది. మనకు చిరాకు తెప్పించిన డిజైన్ వెనకాల ఒక బడ్జెట్ ఉందన్నమాట. ఒక చిట్కా కూడా: ప్లగ్ మీద మూడు కొమ్మల త్రిశూలంలాంటి గుర్తు ఉంటుంది చూడండి, అది పైకి ఉండేలా పెడితే లాప్‌టాప్‌కి దాదాపు ఎప్పుడూ మొదటిసారికే పడుతుంది. ఈ మాట చెప్పినందుకు మా ఫ్లోర్‌లో నాకు ఒక టీ దక్కింది.

2014లో టైప్ సీ వచ్చాక తిప్పుడు గోల పోయింది. దాని బదులు వేరే గోల వచ్చింది. పాతదానిలో 4 పిన్నులే. టైప్ సీ కనెక్టర్‌లో 24 ఉంటాయి. బయటికి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, లోపల ఎన్ని వైర్లు నిజంగా వేశారన్నది వాడి దయ. కవల పిల్లల్లాంటి రెండు కేబుళ్లలో ఒకటి సినిమాను నిమిషంలో దాటిస్తుంది, ఇంకొకటి ఫొటో కూడా దాటించదు.

ఇది మాకు మినీ ప్రాజెక్టు ముందు రాత్రి తెలిసింది. బోర్డుకి కేబుల్ పెడితే ఎర్ర లైటు వెలుగుతోంది, లాప్‌టాప్‌లో పోర్ట్ మాత్రం కనిపించట్లేదు. టీమ్‌లో ఒకడు డ్రైవర్ అన్నాడు. ఇంకొకడు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు, మూడుసార్లు. బోర్డు కాలిపోయిందని ఇంకొకడు తేల్చేసి, పొద్దున్నే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్తది తెస్తానని బస్సు టైమ్ కూడా చూసుకున్నాడు. రాత్రి రెండు అవుతోంది. పక్క గది వాడు నిద్ర కళ్లతో వచ్చి, "ఆ వైరు నెక్‌బ్యాండ్ డబ్బాలో వచ్చింది కదరా, గది ఛార్జింగ్‌కే పనిచేస్తది" అని వాడి కేబుల్ మా మీద పారేసి వెళ్లిపోయాడు. పోర్ట్ వచ్చింది. వాడు మెకానికల్ బ్రాంచ్ అన్న సంగతి మేం ఇప్పటికీ బయట చెప్పుకోం. చవక వస్తువులతో వచ్చే కేబుళ్లలో చాలావాటికి కరెంటు మోసే వైర్లు మాత్రమే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు. ఆ రాత్రి నుంచి డ్రాయర్‌లో ఉన్న ప్రతి కేబుల్‌నీ పరీక్ష పెట్టి, డేటా పోనివాటికి ఎర్ర దారం కట్టాను. 11లో 5 ఎర్ర దారాలు.

ఛార్జింగ్ వైపు కథ ఇంకా బాగుంటుంది. కేబుల్ పెట్టగానే కరెంటు పారుతుందని మనం అనుకుంటాం. ఫాస్ట్ ఛార్జర్ అయితే అది ముందు మాట్లాడుతుంది. మొదట 5 వోల్టులే ఇస్తుంది. తర్వాత "నా దగ్గర 9 ఉంది, 15 ఉంది, 20 ఉంది, నీకేం కావాలి?" అని ఛార్జర్ చెబుతుంది. ఫోనో లాప్‌టాపో "నాకు ఇది ఇయ్యి" అంటుంది. సరే అంటే అప్పుడు వోల్టేజ్ పెరుగుతుంది. ఈ బేరమంతా కేబుల్‌లో ఒక సన్నని వైరు మీద, మనం కేబుల్ మీంచి చెయ్యి తీసేలోపే అయిపోతుంది. గుజరాతీ గల్లీలో అంత తొందరగా తెగిన బేరం నేను ఇంతవరకూ చూడలేదు. మధ్యలో కేబుల్ ఒప్పుకోవాలి కూడా. మామూలు టైప్ సీ కేబుల్ 3 ఆంపియర్ల దాకా మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి 5 ఆంపియర్లు కావాలంటే కేబుల్ లోపలే ఒక చిన్న చిప్ ఉండాలి, "నేను మోయగలను" అని చెప్పడానికి. చిప్ లేకపోతే 100 వాట్ల అడాప్టర్ కూడా 60 దగ్గరే ఆగిపోతుంది. మా రూమ్మేట్ పెద్ద అడాప్టర్ కొని, ఫోన్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టుకుని, మోసపోయానని రెండు రోజులు తిట్టుకున్నాడు. మోసం ఏమీ లేదు. వైరు నిజం చెప్పింది, అంతే.

పవర్‌బ్యాంక్ లెక్క మాత్రం మోసంలాగే కనిపిస్తుంది. డబ్బా మీద 10000 ఎంఏహెచ్ అని ఉంటుంది, ఫోన్ 5000 అంటాడు, రెండుసార్లు ఫుల్ అవ్వాలి కదా? అవ్వదు. ఒకటిన్నర సార్లు అయితే గొప్ప. ఎందుకంటే ఆ 10000 లోపలి బ్యాటరీ లెక్క, దాని వోల్టేజ్ 3.7. రెండూ గుణిస్తే 37 వాట్ అవర్లు. బయటికి ఇచ్చేది 5 వోల్టులు కాబట్టి అదే శక్తి 7400 ఎంఏహెచ్ అవుతుంది. వోల్టేజ్ మార్చేటప్పుడు వేడిగా కొంత పోతుంది, మిగిలేది ఆరున్నర వేలకు అటూ ఇటూ. పవర్‌బ్యాంక్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని ఒక చిన్న సంఖ్య ఉంటుంది, ముందు వైపు పెద్ద సంఖ్య చూసి కొన్నాం కాబట్టి అది ఎవరికీ కనపడదు.

ఇదంతా మా నాన్నకు ఫోన్‌లో చెప్పాలని చూశాను, ఎందుకంటే 20000ది ఒకటి కొని, అది 20000 ఇవ్వట్లేదని షాపు వాడితో కొట్లాటకు పోయేలా ఉన్నాడు. వోల్టులు, ఆంపియర్లు అని మొదలుపెట్టేసరికి నాన్న ఆపాడు. నాన్న కోదాడ దగ్గర రైస్ మిల్లులో గుమస్తా. "ఆగు ఆగు. వంద కిలోల వడ్లు పడితే 67 కిలోల బియ్యం వస్తది. గవర్నమెంటు లెక్క కూడా గంతే. ఊక, తౌడు పోవద్దా? వీడు బస్తా మీద వడ్ల తూకం రాసిండు. మనం బియ్యం అనుకున్నం. గంతేనా?" అన్నాడు. గంతే. నేను అరగంట తయారైంది నాన్న నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఇప్పుడు మా ఫ్లోర్‌లో ఎవడైనా పవర్‌బ్యాంక్ కొంటే "వడ్లెంత, బియ్యమెంత?" అనే అడుగుతున్నాం.

ఆ వాట్ అవర్ల లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది, ఎంఎస్‌కి వెళ్లే అక్కలు అన్నయ్యలు ఉన్నవాళ్లు వినండి. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు పవర్‌బ్యాంక్ చెక్ ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపుదైతే అనుమతి అడగక్కర్లేదు. 20000ది 74 వాట్ అవర్లు, కాబట్టి పర్లేదు. ఇంకా, కొనేటప్పుడు వెనక బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో చూపిస్తుంది. ఫుట్‌పాత్ మీద కొన్న ఒకదాని నంబర్ మా వాడు కొడితే అసలు వేరే వస్తువు పేరు వచ్చింది. వాడు దాన్ని ఇంకా వాడుతున్నాడు, దిండు కింద మాత్రం పెట్టుకోవట్లేదు.

చిన్న చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తా.

లాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్ జుమ్ అంటుందా? తడి కాళ్లతో నేల మీద ఉంటే ఇంకా తెలుస్తుంది. దెయ్యమేం కాదు. ఛార్జర్ లోపల రొద తగ్గించడానికి పెట్టే కెపాసిటర్ల గుండా చాలా కొద్ది కరెంటు బయటి వైపుకి వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. రెండు పిన్నుల ప్లగ్ అయినా, పేరుకి మూడో కన్ను ఉండి లోపల వైరే లేని ఎక్స్‌టెన్షన్ బాక్స్ అయినా, అది పోవడానికి దారి మీరే. మూడు పిన్నుల్లో ఎర్త్‌ది ఎందుకు పొడుగ్గా ఉంటుందో కూడా అప్పుడే వెతికి తెలుసుకున్నా: పెట్టేటప్పుడు అందరికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికన్నా ఆఖర్న వదలాలి. ఇంట్లో పెద్దవాళ్లలాగా.

నీలం రంగు యూఎస్‌బీ పోర్టు యూఎస్‌బీ 3. సెకనుకి 5 గిగాబిట్లు అని పేరు, పాతదానికి 480 మెగాబిట్లే. అయితే అందులో పెన్‌డ్రైవ్‌ని మరీ సుతారంగా, మెల్లగా దూరిస్తే కొన్నిసార్లు పాత స్పీడ్‌లోనే పనిచేస్తుంది. పాత 4 కాంటాక్టులు ముందు వరసలో ఉంటాయి, కొత్త 5 వెనక వరసలో. మెల్లగా పెడితే లాప్‌టాప్ ముందు వరస చూసి "ఓ, పాత చుట్టమే" అనేసుకుంటుంది. తీసి గబుక్కున పెట్టండి.

అదే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్కన వైర్‌లెస్ మౌస్ డాంగిల్ ఉంటే మౌస్ తూలుతుంది. ఆ స్పీడ్‌లో డేటా పారుతుంటే వచ్చే రేడియో రొద, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద ఒక పేపర్ రాశారు. డాంగిల్‌ని అవతలి వైపు పోర్టుకి మార్చితే చాలు. గేమ్‌లో ఓడిపోయినప్పుడల్లా ఈ కారణం చెప్పేవాళ్లున్నారు, అందరినీ నమ్మకండి.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది మా నాయనమ్మ చెవి మిషన్ సంగతి.

నాయనమ్మకు 74 ఏళ్లు. రెండు చెవులకూ మిషన్లు. ఇదివరకు బటన్ బ్యాటరీలవి ఉండేవి, ఆ చిన్న బిళ్లలు మార్చడం ఆమె వేళ్లకు కుదిరేది కాదు. అందుకని నాన్న పోయినేడు ఛార్జింగ్‌వి కొన్నాడు. రాత్రి పడుకునే ముందు ఒక చిన్న డబ్బాలో పెడితే పొద్దున్నకి ఫుల్. డబ్బాకి బ్యాటరీ లేదు, యూఎస్‌బీ వైరు గోడకి పెట్టాల్సిందే. కరెంటు పోతే ఎలా అని ఆలోచించే నాన్న ఆ 20000 పవర్‌బ్యాంక్ కొన్నది. అంటే వడ్ల గొడవంతా నాయనమ్మ కోసమే.

పోయిన వానాకాలం నేను ఊరికి వెళ్లిన శనివారం సాయంత్రం మొదలైన వాన ఆదివారం రాత్రికి కూడా ఆగలేదు. ఎక్కడో చెట్టు పడి లైను తెగింది. మొదటి రాత్రే కరెంటు పోయింది కాబట్టి మిషన్లు ఛార్జ్ కాలేదు, ఆదివారం మధ్యాహ్నానికి రెండూ ఆగిపోయాయి. నాన్న ధీమాగా పవర్‌బ్యాంక్ తెచ్చి డబ్బా పెట్టాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. నిమిషం కాకముందే ఆరిపోయింది. బటన్ నొక్కితే వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. నాన్న తీసి పెట్టి, ఊది పెట్టి, ఆఖరికి "డబ్బా ఖరాబైంది" అన్నాడు. ఆ డబ్బా, మిషన్లు కలిపి నాన్నకు ఎన్ని నెలల జీతమో నాకు తెలుసు. ఆ మాట అన్నాక నాన్న ఇంకేం మాట్లాడలేదు.

నాయనమ్మ పగలు పర్లేదు. మిషన్ లేకపోయినా మన పెదాలు చూసి సగం పట్టుకుంటుంది. చీకటి పడ్డాకే కష్టం. క్యాండిల్ వెలుగులో పెదాలు కనపడవు. అమ్మ, నాన్న, నేను మాట్లాడుకుంటున్నాం, ఆమె గోడకు ఆనుకుని మా వైపు చూస్తోంది. తన గురించే మాట్లాడుకుంటున్నామని తెలుసు. డబ్బా ఖర్చు గురించి మాట్లాడుకుంటున్నామని కూడా తెలిసే ఉంటుంది. "నాకేం వద్దు తియ్యిండ్రి, నేనెవలతోని మాట్లాడాలె ఇప్పుడు" అంది, చెవులు వినపడనివాళ్లు మాట్లాడేటట్టు గట్టిగా.

నా లాప్‌టాప్‌లో 38 శాతం ఉంది. తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి, తెలుగులో కొట్టాను: నాయనమ్మా, అన్నం తిందామా?

ఆమె అయిదో తరగతి దాకా చదివింది. కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం పైకి చదివి, "తినకుంటెట్ల?" అంది. అందరం నవ్వాం.

తెలుగు ఎలా కొట్టానో ఇక్కడ చెప్పాలి. ఫోన్‌లో అందరిలాగే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు చేసుకునే బాపతు నేను. లాప్‌టాప్‌లో మాత్రం ఈ క్లబ్‌లో చేరిన కొత్తలో సీనియర్ అన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పెట్టించాడు. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక, 1980లలో తయారైంది. తెలుగు క ఎక్కడుంటే హిందీ క, కన్నడ క కూడా అదే మీట మీద. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడి చేతి వైపు ఎక్కువగా హల్లులు. మొదట్లో నాకు తల తిరిగేది. ఒకరోజు కుడివైపు మధ్య వరస చూస్తుంటే ఠక్కున వెలిగింది. క, చ, ట, త, ప అయిదూ ఆ వరసలోనే ఉన్నాయి. గ, జ, డ, ద, బ అయిదూ వాటికి సరిగ్గా పై వరసలో, ఎవరి జోడీ మీద వాళ్లు. పదో తరగతిలో సరళాదేశ సంధి కోసం బట్టీ పట్టిన పరుషాలు, సరళాలు! షిఫ్ట్ నొక్కితే అవే ఒత్తక్షరాలు అవుతాయి, ఖ, ఘ, ఛ, ఝ. నాలుగు మార్కుల కోసం చదివి వదిలేసిన వ్యాకరణాన్ని ఎవరో ఇంజనీర్లు కీబోర్డ్ మీద పరిచి పెట్టారు. ఇన్నాళ్లూ ఇంగ్లిష్ మీడియం వాడిగా తెలుగు వ్యాకరణం అంటే నాకు పరీక్ష మాత్రమే. అది ఒక డేటా స్ట్రక్చర్‌లా కనిపించడం అదే మొదటిసారి.

ఆ రాత్రి నేను కొట్టడం, నాయనమ్మ చదివి నోటితో జవాబు చెప్పడం, అలా ఒక పావుగంట నడిచింది. తర్వాత ఆమెకు సరదా పుట్టి "నేను కొడ్త" అంది. మీటల మీద తెలుగు అక్షరాలు లేవు కాబట్టి స్క్రీన్ మీద కీబోర్డ్ బొమ్మ తెరిచాను, అందులో తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. ఆమె వేలితో అక్షరం చూపిస్తుంది, నేను మీట నొక్కుతా. గుణింతం కోసం వెతుక్కుంటుంది, ఒత్తు ఎట్ల అంటుంది, పొల్లు చూపిస్తే "ఓ, పొల్లు పెట్టి మళ్ల గ నా" అంది. 12 మీటలకు నాలుగు నిమిషాలు పట్టింది. స్క్రీన్ మీద వచ్చింది ఇది:

వాన తగ్గిందా

మా వంటింటి పైన రేకులు. ఆ టైమ్‌కి వాన రేకుల మీద ఎంత గట్టిగా కొడుతోందంటే, నేనూ అమ్మా ఒకే గదిలో ఉండి అరిచి మాట్లాడుకుంటున్నాం. నాయనమ్మ దాని కిందే కూర్చుని వాన తగ్గిందా అని అడుగుతోంది.

నేను తగ్గలేదని కొట్టి, ఆ డబ్బా వైరు తీసుకుని లాప్‌టాప్ పక్కనున్న యూఎస్‌బీలో పెట్టాను. ఆకుపచ్చ లైటు వెలిగింది. నిమిషం చూశాం, రెండు నిమిషాలు చూశాం. ఆరలేదు. నాన్న క్యాండిల్ దగ్గరకు పెట్టి మరీ చూశాడు. డబ్బా ఖరాబు కాలేదు.

పవర్‌బ్యాంక్ కూడా ఖరాబు కాలేదు. అది ఫోన్ల కోసం చేసిన వస్తువు. బయటికి పోయే కరెంటు బాగా తక్కువగా ఉంటే "ఫోన్ తీసేసినట్టున్నారు" అనుకుని, తన బ్యాటరీ వృథా కాకుండా తనే ఆగిపోతుంది. చెవి మిషన్ల లోపల బ్యాటరీ గింజంత. అది తాగే కరెంటు పవర్‌బ్యాంక్ లెక్కలోకే రాదు. అంటే ఎదురుగా ఒకళ్లున్నా, వాళ్లకు కావాల్సింది మరీ తక్కువ కాబట్టి ఎవరూ లేరని తేల్చేసింది. లాప్‌టాప్ యూఎస్‌బీకి ఆ అలవాటు లేదు, తను మేలుకుని ఉన్నంతసేపూ ఇస్తూనే ఉంటుంది. చిన్న స్మార్ట్ బ్యాండ్లు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పవర్‌బ్యాంక్‌కి పెడితే మధ్యలో ఆగిపోతాయని మీలో చాలామంది అనుకుని ఉంటారు. కారణం ఇదే.

అప్పటికి లాప్‌టాప్‌లో 29 శాతం. స్క్రీన్ మీద మాటలు కావాలంటే ఛార్జ్ ఖర్చవుతుంది, మిషన్లకి ఛార్జ్ కావాలంటే స్క్రీన్ ఆపాలి. "ఇప్పుడు స్క్రీన్ ఆపేస్తా, పొద్దున్నకి చెవులు వస్తాయి" అని ఆఖరి లైన్ కొట్టి చూపించాను. నాయనమ్మ చదివి తల ఊపింది. మూత వేసినా నిద్రపోకుండా ఉండేలా సెట్టింగ్ మార్చి, వైఫై, బ్లూటూత్ ఆపేసి, మూత వేశాను. గదిలో ఆ ఆకుపచ్చ చుక్క ఒక్కటే మిగిలింది. నాన్న రాత్రి రెండుసార్లు లేచి దాన్ని చూసి పడుకోవడం నాకు తెలుసు.

లాప్‌టాప్ ఏ జామున ఆగిపోయిందో తెలియదు. పొద్దున్న నాయనమ్మ డబ్బా తెరిచి మిషన్లు పెట్టుకుంది. ఒక్క క్షణం ఊరుకుంది. పైకి, రేకుల వైపు చూసి, "గింత లొల్లేందిరా దీంది! రాత్రంత గిట్లనే ఉన్నదా?" అంది.

కరెంటు సోమవారం సాయంత్రానికి వచ్చింది. ఈలోపు నాన్న బీరువా మీద నుంచి పవర్‌బ్యాంక్ డబ్బా దించాడు. ఏ వస్తువు డబ్బా కూడా పారేయని నాన్న అలవాటు మీద అమ్మ వేసిన జోకులన్నీ ఆ రోజుతో రద్దయ్యాయి. లోపల అగ్గిపెట్టె సైజులో మడిచిన కాగితం ఉంది. అందులో తొమ్మిదో పాయింటు: బటన్ రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే తక్కువ కరెంటు మోడ్, చిన్న వస్తువులకు. నొక్కాం. డబ్బా పెట్టాం. పది నిమిషాలైనా ఆరలేదు. అన్ని పవర్‌బ్యాంకులకూ ఈ మోడ్ ఉండదు, మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి అవసరం ఉంటే కొనేముందే షాపులో ఒక ఇయర్‌ఫోన్ పెట్టి పావుగంట నిలబడి చూడండి. షాపు వాడు విసుక్కుంటాడు. నిలబడండి.

వచ్చే ముందు ఒక తెల్ల కాగితం ముక్క మీద పెద్ద అక్షరాలతో "నాయనమ్మ డబ్బాకు రెండుసార్లు నొక్కాలి" అని రాసి పవర్‌బ్యాంక్‌కి టేప్ వేశాను. నాయనమ్మ దాన్ని తీసుకుని అద్దాలు పెట్టుకుని చదివింది. పెన్ను అడిగి, "నొక్కాలి"ని కొట్టేసి పైన "నొక్కాలె" అని రాసింది.